ముద్ద కట్టే మట్టి నుంచి చెక్క గుళికల దాకా: నాలుగు రకాల పిల్లి లిట్టర్లు, నాలుగేళ్ళ వాడకం

ఏ పరిస్థితుల్లో వాడానో ముందు చెప్పాలి, లేకపోతే ఈ సమీక్ష వల్ల ఎవరికీ ఉపయోగం ఉండదు. గడప దాటని రెండు పిల్లులు, ఒకటి 4 కిలోలు, రెండోది ఐదున్నర. లిట్టర్ అంటే పిల్లి మలమూత్రాల కోసం ట్రేలో పోసి ఉంచే మట్టి లాంటి పదార్థం, అలాంటి ట్రేలు మూడు. పిల్లులెన్నో అన్ని ట్రేలు, పైన ఇంకొకటి అన్న లెక్క ఇది. బెంటోనైట్ మట్టి, సిలికా జెల్, టోఫు, చెక్క గుళికలు, ఈ నాలుగింటినీ ఒక్కోటి కనీసం ఆరు నెలలు వాడాకే రాస్తున్నాను. వారం రోజుల వాడకంతో లిట్టర్ సంగతి తేలదు. కొత్త సంచి విప్పిన మొదటి వారం ఏ రకమైనా బాగానే ఉంటుంది.

నా తీర్పు ఇది: సువాసన కలపని, సన్నటి రవ్వ లాంటి సోడియం బెంటోనైట్. వాసన తక్కువని కాదు, ఆ విషయంలో చెక్క గుళికలే మెరుగు. పిల్లి రోజుకు ఎన్నిసార్లు మూత్రం పోసిందో, ఎంత పోసిందో లెక్కగా చూపించేది ఈ మట్టి ఒక్కటే. ఒంట్లో బాగాలేదని పిల్లి బయటపడనివ్వదు, మూత్రం తడికి మట్టి కట్టే ముద్దలు మాత్రం దాచవు.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి రోజుకు రెండు నుంచి నాలుగు మూత్రపు ముద్దలు వస్తాయి. 4 కిలోల పిల్లి పోసేది రోజు మొత్తానికి సుమారు 100 మి.లీ., తడి ఆహారం తింటే కాస్త ఎక్కువ. నిమ్మకాయంత ఉండే ముద్దలు రోజురోజుకీ బత్తాయంత అవుతుంటే మూత్రపిండాల జబ్బో, మధుమేహమో, థైరాయిడ్ తేడానో ఉండొచ్చు, రక్తపరీక్ష చేయించాలి. గోళీకాయలంత ముద్దలు ఏడెనిమిది కనిపిస్తే మూత్రాశయంలో మంట కావచ్చు. ఇక మగపిల్లి ట్రేలోకి పదేపదే వెళ్ళి ముక్కుతూ కూర్చుని, ముద్ద ఒక్కటీ లేకుండా బయటికి వస్తుంటే మూత్రనాళం మూసుకుపోయిందని అనుమానించాలి. అప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు. పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. దీన్ని మలబద్ధకమనుకుని ఇంటివైద్యం చేస్తూ కూర్చునేవాళ్ళు చాలామంది ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

బెంటోనైట్ ఎందుకు ముద్ద కడుతుందంటే, అందులోని మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం పొరలు పొరలుగా ఉంటుంది. నీరు తగలగానే పొరల మధ్యకు చేరి రవ్వ ఉబ్బుతుంది, పక్క రవ్వకు అంటుకుంటుంది. సోడియం రకం బాగా ఉబ్బి గట్టి ముద్దవుతుంది, కాల్షియం రకం తక్కువ ఉబ్బుతుంది, ముద్ద తేలిగ్గా చిట్లుతుంది. సంచి మీద ఏ రకమో రాసి లేకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గిన్నెలో 6 సెం.మీ. మందాన పోసి, మధ్యలో 20 మి.లీ. నీళ్ళు ఒకేచోట వంచి, అరగంట తర్వాత ముద్దను మోకాలెత్తు నుంచి కాగితం మీదికి వదలాలి. పగలకపోతే మంచి రకం. రెండు మూడు ముక్కలైతే ట్రేలోనూ అలాగే అవుతుంది.

ముద్ద విరగడమే అసలు తంటా. విరిగిన పొడి గరిట చిల్లుల్లోంచి మళ్ళీ ట్రేలోకే జారిపోతుంది. అందులో ఉండిపోయిన యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి, మూడో వారానికి ముక్కు పుటాలు మండే వాసన మొదలవుతుంది. లిట్టర్ పనికిరాదని చాలామంది సంచి మార్చేది ఇక్కడే. తప్పు చాలావరకు మందంలో ఉంటుంది. 3 సెం.మీ. పోస్తే మూత్రం నేరుగా అడుగుకు దిగి ప్లాస్టిక్‌కు అట్టులా అంటుకుంటుంది, గీకితే పొడి అవుతుంది. 6 నుంచి 7 సెం.మీ. ఉంటే ముద్ద అడుగును తాకకుండా మధ్యలోనే గట్టిపడుతుంది. ఇంకో పొరపాటు, పిల్లి దిగీదిగగానే గరిట పెట్టడం. లోపల ఇంకా మెత్తగా ఉంటుంది, ఒక అరగంట ఆగాలి. గరిట చిల్లుల వెడల్పు సన్న రవ్వకు 5, 6 మి.మీ. చాలు. టోఫుకు 8 మి.మీ. కంటే తక్కువుంటే శుభ్రమైన గుళికలు కూడా దిగవు. ముద్దను పైనుంచి పొడవకుండా, పక్కనుంచి గరిట దూర్చి ఎత్తాలి. ఇనుప గరిట అంచు ప్లాస్టిక్‌ను గీరుతుంది, ఆ గీతల్లో మూత్రపు లవణాలు పేరుకుంటే ఎంత కడిగినా పోవు. ప్లాస్టిక్ ట్రేను ఏడాది, ఏడాదిన్నరకు మార్చేయడం మేలు.

ట్రే పొడవు పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లుండాలి. పిల్లి ట్రేలని అమ్మేవాటిలో చాలావరకు ఈ కొలతకు చాలవు. బట్టలు, దుప్పట్లు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొని ఒక పక్క కోసుకుంటే సరి. అడుగు 65 × 42 సెం.మీ., గోడ ఎత్తు 38, లోపలికి దిగే చోట అడుగు నుంచి 13 సెం.మీ. వదిలి U ఆకారంలో కోసి, అంచులకు గరుకు కాగితం పట్టాలి. కీళ్ళనొప్పులున్న ముసలి పిల్లికి, కూనలకు ఆ ఎత్తు 7 సెం.మీ. మించకూడదు. ఈ డబ్బాలో 6 సెం.మీ. మందం రావాలంటే సుమారు 16 లీటర్లు పడుతుంది, బెంటోనైట్‌లో అది 15 కిలోల దాకా తూగుతుంది. మొదటిసారి అంత పోయడానికి చేయి రాదు, నిజమే. కానీ సగం పోసి వాడితే మొత్తం త్వరగా పాడై, లెక్క చూస్తే ఖర్చు ఎక్కువే అవుతుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి తీసి, తగ్గినంత వారానికోసారి నింపుతూ పోతే పూర్తిగా పారబోయడం మూడు నాలుగు వారాలకోసారి సరిపోతుంది.

మూత ఉన్న ట్రే మనకు బాగుంటుంది, పిల్లికి కాదు. వాసన లోపలే నిలిచిపోతుంది. రెండు పిల్లులున్న చోట ఒకటి లోపలుంటే రెండోది ద్వారం దగ్గర కాపు కాస్తుంది, భయపడ్డ పిల్లి తర్వాత సోఫా వెనక్కి పోతుంది. పైన రంధ్రం ఉండే డబ్బాలతో రవ్వ ఇంట్లో చిందడం బాగా తగ్గుతుంది గానీ, గెంతలేని పిల్లికి అవి పనికిరావు.

బెంటోనైట్ లోపాలు కూడా చెప్పాలి. బరువు మొదటిది. దుమ్ము రెండోది: సంచి మూతిని ట్రే అడుగుకు ఆనించి నెమ్మదిగా వంచితే సగం దుమ్ము లేవదు, ఉబ్బసం ఉన్నవాళ్ళు మాత్రం ఆ సమయంలో గదిలో ఉండకూడదు. మూడోది, పాదాలకు అంటుకుని ఇల్లంతా పడే రవ్వ. ట్రే ముందు 60 × 90 సెం.మీ. రెండు పొరల జల్లెడ చాప వేస్తే, పిల్లి బయటికి వచ్చేటప్పుడు వేసే కనీసం మూడు నాలుగు అడుగులు దాని మీదే పడేలా చూస్తే, చాలావరకు ఆగుతుంది. పొడవు జుట్టు పిల్లికి కాలివేళ్ళ మధ్య వెంట్రుకలు కత్తిరించాలి. నాలుగు నెలల్లోపు కూనలకు ఈ మట్టి అసలు వద్దు, అవి దేన్నైనా నోట్లో పెట్టుకుంటాయి, కడుపులోకి పోయి ఉబ్బే పదార్థమిది. ఆపరేషన్ అయిన పిల్లికి కుట్లు ఆరేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, కాగితపు గుళికలు వాడాలి. రవ్వ పుండుకు అంటుకుంటుంది.

సిలికా జెల్ గురించి ఎక్కువ రాయను. తెల్లటి పలుకులు మూత్రాన్ని పీల్చుకుంటాయి, ముద్ద కట్టవు, రోజూ మలం తీసి ఓసారి కలియబెడితే చాలు. తేలిక, దుమ్ము తక్కువ. ఒక్క పిల్లికి ఒక ట్రే మూడు వారాలు నడుస్తుంది. ఆ తర్వాత పీల్చే శక్తి ఒక్కసారిగా అయిపోయి పసుపు నీళ్ళు అడుగున నిలుస్తాయి, కాబట్టి రంగు మారడం మొదలవగానే మార్చేయాలి. పెద్ద లోపం, మూత్రం లెక్క అసలు తెలియదు. అరికాలికి గుచ్చుకుంటుందని కొన్ని పిల్లులు అంచు మీద నిలబడి పని కానిస్తాయి, అలా చేస్తోందంటే నచ్చలేదనే అర్థం.

టోఫు లిట్టర్ అంటే సోయా పాలు పిండాక మిగిలిన పిప్పితో చేసే గుళికలు. నడుము నొప్పి ఉన్నవాళ్ళకు వరం, బరువు మట్టిలో సగమే. ముద్ద కడుతుంది గానీ మెత్తగా, పేస్టులా ఉంటుంది, గంట ఆగాకే తీయాలి. గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో తెరిచిన సంచికి బూజు పడుతుంది, ధాన్యానికి పట్టే పురుగు దీనికీ పడుతుంది. మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోసుకుని నెలలోపు వాడేయాలి. పుల్లటి వాసన వచ్చిందంటే పులిసిపోయినట్టే, మొత్తం పారేయాల్సిందే. కమోడ్‌లో వేసెయ్యొచ్చని సంచి మీద రాస్తారు, వేయొద్దు. గొట్టం సంగతి అటుంచినా, పిల్లి మలంలో ఉండే టాక్సోప్లాస్మా అనే, మనుషులకూ సోకే పరాన్నజీవి గుడ్లు మురుగునీటి శుద్ధిలో చావవు.

చెక్క గుళికలు నాకు రెండో స్థానం. తడి తగిలితే గుళిక రంపపు పొట్టుగా విడిపోతుంది. రెండు అంతస్తుల జల్లెడ ట్రే ఉంటేనే వీటితో సుఖం: పైన 3 సెం.మీ. గుళికలు, రోజూ ఊపితే పొట్టు కిందికి రాలుతుంది, కింది పళ్ళెం రోజు విడిచి రోజు పారబోయాలి. మామూలు ట్రేలో వాడితే పొట్టూ గుళికలూ కలిసిపోయి నాలుగో రోజుకే చిత్తడి. అమ్మోనియా వాసనను ఇంతగా అణచేది నాలుగింటిలో ఇంకోటి లేదు. పొయ్యిల్లోకి అమ్మే గుళికలు కొనకూడదు, మండటానికి వాటిలో ఏదైనా కలిపి ఉండొచ్చు. ఇందులోనూ ముద్ద ఉండదు, అయితే రోజూ రాలే పొట్టు ఎంతో చూసి ఎక్కువ తక్కువలు కొంత పట్టుకోవచ్చు.

ఏ రకమైనా సువాసన కలిపినది మాత్రం తీసుకోవద్దు. ఆ పూల వాసన పిల్లి ముక్కుకు భరించలేనంత ఘాటు, ట్రే మానేయడానికి అదే కారణమవుతుంది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించని మగపిల్లి గోడల మీద చిమ్మే వాసనకైతే ఏ లిట్టరూ మందు కాదు, ఆపరేషన్ ఒక్కటే దారి.

రకం మార్చేటప్పుడు ఒక ట్రే పాతదానితోనే ఉంచి, రెండోదాంట్లో నాలుగో వంతు కొత్తది కలిపి, మూడు నాలుగు రోజులకోసారి కొత్తదాని వంతు పెంచుతూ రెండు వారాల్లో పూర్తి చేయాలి. మట్టి నుంచి గుళికలకు వెళ్తుంటే ఇంకో రెండు వారాలు ఎక్కువ పడుతుంది. ట్రే కడగడానికి వేడినీళ్ళు, వాసనలేని గిన్నెల సబ్బు చాలు. మూత్రపు తడి ఉండగా బ్లీచ్ పోస్తే అమ్మోనియాతో కలిసి విషవాయువు వస్తుంది. ఫినాయిల్ లాంటివి అసలు ముట్టుకోవద్దు, ఫినాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కడిగాక పూర్తిగా ఆరనివ్వాలి, అడుగున చెమ్మ ఉంటే కొత్త మట్టి పోసిన క్షణమే అట్టు కడుతుంది.

ఇంట్లో ఎవరు తీయాలన్నది కూడా ముందే అనుకోవాలి. టాక్సోప్లాస్మా గుడ్లు బయటపడ్డాక ఒకటి నుంచి ఐదు రోజులకు గాని అంటుకునే స్థితికి రావు, అందుకే రోజూ తీస్తే ప్రమాదం చాలావరకు పోతుంది. అయినా గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గిన వాళ్ళు ఆ పని వేరొకరికి అప్పగించాలి, తప్పనప్పుడు చేతితొడుగులు వేసుకుని చేసి సబ్బుతో కడుక్కోవాలి. తోటపని సరదా ఉన్నవాళ్ళు, చెక్క పొట్టైనా సరే, వాడిన లిట్టర్‌ను కూరగాయల పాదుల్లో వేయకూడదు. తడి నేలలో ఆ గుడ్లు ఏడాదికి పైగా బతుకుతాయి. చుట్టాలు, స్నేహితులు వచ్చినప్పుడు ట్రే ఉన్న గది తలుపు తెలియక మూసేస్తుంటారు. తలుపు కింద కర్రముక్క ఆనించి, మరో ట్రే సందడి లేని మూల ఉంచితే సరిపోతుంది.

ఊరెళ్తూ పిల్లులను స్నేహితులకు అప్పగిస్తే, ఎంత తిండి పెట్టాలో చెప్పడంతో ఆపకండి. ట్రే పక్కన ఒక కాగితం అంటించి, తీసినప్పుడల్లా తేదీ, మూత్రపు ముద్దల సంఖ్య, మలం వచ్చిందా లేదా రాయమనండి. మామూలుగా ఎన్ని వస్తాయో పైన రాసిపెట్టండి. ఇల్లు మారినా, మనుషులు మారినా మొదటి రోజు ఒకటి తగ్గడం సహజం. 24 గంటలు ఒక్క ముద్దా రాకపోతే ఎదురుచూడకుండా డాక్టరుకు ఫోన్ చేయమని, మగపిల్లి ముక్కుతూ కనిపిస్తే ఆ 24 గంటలు కూడా ఆగొద్దని, నంబరుతో సహా ఆ కాగితం మీదే రాయాలి.