అండర్‌వాటర్ వెల్డింగ్ కోర్సు: డైవింగ్‌కి ఐదు స్టార్లు, వెల్డింగ్‌కి రెండే

నేను ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చేశాను. గాజువాక వైపు ఫ్యాబ్రికేషన్ పనుల్లో కొంతకాలం ఉండి, ఆ తర్వాత పశ్చిమ తీరంలో ఒక ప్రైవేటు సంస్థలో కమర్షియల్ డైవింగ్, అండర్‌వాటర్ వెల్డింగ్ కలిపిన కోర్సులో చేరాను. సంస్థ పేరు రాయను. మన వైజాగ్, కాకినాడ కుర్రాళ్లు ఇలాంటి కోర్సుల గురించి తెగ అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

ముందు మంచి చెప్తాను. డైవింగ్ నిజంగా బాగా నేర్పారు. ఇన్‌స్ట్రక్టర్లు ఆఫ్‌షోర్‌లో పనిచేసి వచ్చినవాళ్లు, పుస్తకం చూసి చెప్పే రకం కాదు. వెళ్లగానే నీళ్లలోకి దింపరు, ముందు టెండర్ పని, అంటే పైన ఉండి డైవర్ గొట్టాన్ని చూసుకునే సహాయకుడి పని చేయిస్తారు. గాలి గొట్టం, మాట్లాడే వైరు, లోతు చూపించే న్యూమో గొట్టం, అన్నీ కలిపి కట్టిన అంబిలికల్‌ని ఎనిమిది అంకె ఆకారంలో చుట్టడం, కింద డైవర్ కదిలినంతే వదలడం, ఎక్కువ వదిలితే అది ఎక్కడ చిక్కుకుంటుందో ముందే ఊహించడం... ఇదంతా కూలిపనిలా కనిపిస్తుంది గానీ కింద ఉన్నవాడి ప్రాణం దాని మీదే ఉంటుంది. హెల్మెట్ అద్దానికి నల్లగుడ్డ కట్టి, పైనుంచి వచ్చే గాలి ఆపేసి, వీపు మీదున్న బెయిలౌట్ (అత్యవసర గాలి) సిలిండర్ వాల్వ్‌ని చేత్తో తడిమి తెరవమంటారు. మొదట్లో అందరికీ టెన్షనే, తర్వాత చెయ్యి దానంతట అదే వెళ్తుంది. డ్యామ్ గేట్ల దగ్గరా ఓడల ఇన్‌టేక్‌ల దగ్గరా నీరు లోపలికి లాగేసే ప్రమాదం గురించీ, తొందరపడి పైకి వస్తే రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టడం గురించీ ఎంత చెప్పాలో అంతా చెప్పారు.

ఇక వెల్డింగ్. ఇక్కడే నాకు అసంతృప్తి. ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసింది వెల్డింగ్, కోర్సులో అన్నిటికంటే తక్కువ టైమ్ ఇచ్చిందీ దానికే. ట్యాంకులో కొన్ని ప్లేట్లు, అది కూడా బ్యాచ్ మొత్తం వంతులేసుకుని. చేసినంతసేపు మాత్రం మామూలు అనుభవం కాదు. రాడ్‌కి తడి తగలకుండా పూత ఉంటుంది, కరెంటు డీసీ మాత్రమే, పైన కరెంటు వేసి తీసే నైఫ్ స్విచ్ దగ్గర మనిషి నిలబడి ఉంటాడు. రాడ్ ప్లేటుకి ఆనించాక మనం మైక్‌లో "హాట్" అంటేనే స్విచ్ వేస్తాడు, అయిపోగానే "కోల్డ్" అనాలి, ఆ తర్వాతే రాడ్ మార్చాలి. ఆర్క్ పడగానే బుడగలు పొంగి కరిగిన లోహం సరిగ్గా కనిపించదు. పైన చేసినట్టు గ్యాప్ పట్టుకుని చెయ్యి తిప్పితే కుదరదు, రాడ్‌ని ప్లేటు మీద ఆనించి లాగుతూ, అది అరిగే కొద్దీ చేతికి తెలిసే ఒత్తిడిని బట్టి వెళ్లాలి. పళ్లలో మెటల్ ఫిల్లింగ్ ఉన్న మిత్రుడికి నోట్లో ఇనుము రుచి వచ్చిందట. నీళ్లు వెల్డ్‌ని ఒక్కసారిగా చల్లార్చేస్తాయి కాబట్టి హైడ్రోజన్ పగుళ్లూ, లోపల రంధ్రాలూ ఎక్కువ. ఇవన్నీ ఎలా తగ్గించాలో నేర్చుకోవాలంటే చాలా ప్లేట్లు కాల్చాలి, వాటిని కోసి, వంచి చూడాలి. అది దాదాపు జరగలేదు. ఏడబ్ల్యూఎస్ డీ3.6 అనే అండర్‌వాటర్ వెల్డింగ్ కోడ్ గురించి ఒక్క క్లాసు, అంతే.

ఉద్యోగం మాటకొస్తే, చేరేటప్పుడు "వంద శాతం ప్లేస్‌మెంట్" అన్నారు. చివర్లో ఇచ్చింది కంపెనీల ఫోన్ నంబర్లున్న కాగితం. ఇది తప్పు, అప్పు చేసి ఫీజు కట్టిన పిల్లలున్నారు ఆ బ్యాచ్‌లో. వీడియోల్లో ఊరించే జీతాలు ఎక్కువగా శాచురేషన్ డైవర్లవి, అంటే ప్రెషర్ ఛాంబర్‌లోనే ఉంటూ డైవింగ్ బెల్ అనే మూసిన గదిలో లోతుకి దిగేవాళ్లవి. ఐఎంసీఏ (సముద్ర కాంట్రాక్టర్ల అంతర్జాతీయ సంఘం) నియమాల ప్రకారం గాలితో చేసే డైవింగ్ 50 మీటర్ల దాకానే. అక్కడి నుంచి కిందకి వెళ్లాలంటే ముందు అనుభవం సంపాదించి, తర్వాత మరో కోర్సు చేయాలి. కొత్తవాడికి దొరికేది టెండర్ పని, ఓడల అడుగున పాచి గీకడం, పోర్టు పైల్స్ (నీళ్లలోని పునాది స్తంభాలు) తనిఖీ, బురదనీళ్లలో తాడూ షాకిలూ బిగించడం. వెల్డింగ్ ఎప్పుడో ఒకసారి వస్తుంది. నాకైతే ఆ పని ఇష్టమే, అందుకే ఇందులోనే ఉన్నాను.

ఇప్పటికే ఒడ్డున 6జీ (ఏటవాలుగా బిగించిన పైపుని తిప్పకుండా చుట్టూ చేసే) పైపు వెల్డింగ్ తెలిసి, డైవింగ్ నేర్చుకుందామనుకునేవాళ్లు ధైర్యంగా చేరొచ్చు. రాడ్ పట్టడం అక్కడే నేర్చుకుందామంటే మాత్రం వద్దు, ముందు ఒడ్డున నేర్చుకోండి. ఫీజు కట్టకముందే డైవింగ్ మెడికల్ చేయించుకోండి, చెవులూ ఊపిరితిత్తులూ సరిపోకపోతే డబ్బు వృథా. సర్టిఫికెట్ ఐఎంసీఏ గుర్తించే జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి, టూరిస్టుల స్కూబా కార్డు ఈ పనికి చెల్లదు. నీటి అడుగున ఎన్ని నిమిషాలు, ఎన్ని ప్లేట్లు ఇస్తారో కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసివ్వనంటే అడ్వాన్స్ కట్టకండి.