జాగ్రత్త: టూ వీల్ డ్రైవ్ అని చెప్పి అమ్మారు, ఐసు మీద సైడ్‌కార్ చక్రం తిరగనే లేదు

మిన్నెసోటాలో ఉన్న మనవాళ్లందరికీ, ముఖ్యంగా చలికాలంలోనూ నడపొచ్చని మూడు చక్రాల బండి (పక్కన సైడ్‌కార్ అనే తొట్టి, దానికో చక్రం ఉన్న మోటార్‌సైకిల్) కోసం చూస్తున్నవాళ్లకి ఇది రాస్తున్నాను. షాపు ఏదో మీకు చెప్పక్కర్లేదు. పాత సైడ్‌కార్ బళ్లు కావాలంటే మనలో చాలామంది ముందు ఫోన్ చేసేది వాళ్లకే. ఫిర్యాదు పెడుతున్నాను కాబట్టి పేరు మాత్రం రాయను. నిన్న సాయంత్రం ఆ షాపు నుంచి తిరిగొచ్చాను. రాత్రంతా నిద్ర లేదు, కోపం ఇంకా దిగలేదు.

సంగతి గబగబా చెప్పేస్తాను. నేనుండేది డులూత్‌లో. ఈ ఊరు చూసినవాళ్లకి తెలుసు, ఊరంతా కొండ వాలు మీదే ఉంటుంది, అవెన్యూలన్నీ లేక్ సుపీరియర్ వైపు నిటారుగా దిగుతాయి. అక్కడ నడపడానికి ఉరాల్ అనే రష్యన్ కంపెనీ చేసిన సైడ్‌కార్ బండి, 2016 మోడల్ గేర్ అప్ తీసుకున్నాను, సెకండ్ హ్యాండ్‌లో 11,500 డాలర్లకి. ఇంజిన్ 749 సీసీ, 41 హార్స్ పవర్, రివర్స్ గేర్ కూడా ఉంటుంది. వేగం కోసం ఎవరూ కొనరు దీన్ని. సైడ్‌కార్‌తో మంచులో, బురదలో నింపాదిగా వెళ్లడానికే కొంటారు.

షాపులో అడుగు పెట్టగానే అడిగింది ఒక్కటే. సైడ్‌కార్ చక్రానికి డ్రైవ్ సరిగ్గా పనిచేస్తోందా? రంగు గురించి అడగలేదు, ఎన్ని మైళ్లు తిరిగిందన్నది కూడా తర్వాతే. ఎందుకంటే మేకులు దిగేసిన టైర్లు మిన్నెసోటా రోడ్ల మీద మామూలు జనం వాడకూడదు. పక్కనే నార్త్ డకోటాలో అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా వాడుకోవచ్చు, మనకి ఆ వీలు లేదు. పైగా 15 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి పడిపోతే రోడ్డు మీద చల్లిన ఉప్పు కూడా పెద్దగా పనిచేయదు. మేకులూ లేక, ఉప్పూ పనిచేయక, ఎత్తు ఎక్కాలంటే మనకి మిగిలేది ఆ రెండో చక్రం లాగే బలమే. ఈ మాటలన్నీ కౌంటరు దగ్గర నిలబడి, వాళ్ల సేల్స్ మనిషికి విడమరిచి చెప్పాను. అంతా విని "అందుకే ఈ బండి నీకు సరిగ్గా సరిపోతుంది, టూ వీల్ డ్రైవ్ గట్టిగా ఉంది" అన్నాడు. గట్టిగా ఉంది అన్నాడు, నా కళ్లలోకి చూస్తూ.

ఈ బళ్ల గురించి తెలియనివాళ్లకి కాస్త చెప్పాలి, లేకపోతే వాళ్లు చేసిన పని అర్థం కాదు. ఉరాల్‌లో మామూలుగా వెనక చక్రం ఒక్కటే లాగుతుంది. గేర్ అప్‌లో మాత్రం వెనక డ్రైవ్ నుంచి సైడ్‌కార్ చక్రానికి అడ్డంగా ఒక షాఫ్ట్ వెళ్తుంది. లివర్ వేస్తే రెండు చక్రాలూ కలిసిపోయి ఒకే వేగంతో తిరుగుతాయి. మధ్యలో కారుకి ఉన్నట్టు, రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. అందుకని పొడి తారు రోడ్డు మీద ఆ లివర్ వేయకూడదు. మలుపులో ఒక చక్రం ఎక్కువ దూరం, ఇంకోటి తక్కువ దూరం తిరగాలి కదా, అవి రెండూ కట్టేసి ఉంటే బండి తిరగనని మొండికేస్తుంది, లోపలి సామాను మీద భారం పడుతుంది. మంచు, ఇసుక, బురద లాంటి జారే నేల మీదే వేయాలి.

ఈ నిజాన్నే అడ్డం పెట్టుకుని నన్ను మోసం చేశారు. టెస్ట్ రైడ్‌లో లివర్ వేసి చూస్తానన్నాను. "పొడి రోడ్డు, ఇక్కడ వేస్తే పాడైపోతుంది" అన్నాడు. అది నిజమే కాబట్టి ఊరుకున్నాను. వాళ్ల పార్కింగ్ లాట్ చివర ప్లౌ తోసిన మంచు గుట్ట ఉంది, పోనీ దాని మీద చూద్దామన్నాను. అక్కడికి కస్టమర్లని పంపడానికి మా ఇన్సూరెన్స్ ఒప్పుకోదన్నాడు. ఎందుకు వద్దన్నాడో ఇప్పుడు తెలిసింది. ఆ లివర్ వేస్తే ఏమీ జరగదని ఆ మనిషికి అప్పటికే తెలుసు.

గట్టి ఐసు పడగానే తమ్ముణ్ని సైడ్‌కార్‌లో కూర్చోబెట్టుకుని మా ఇంటి వైపు అవెన్యూ ఎక్కుతున్నాను. లివర్ వేసే ఉంది. సగం ఎక్కాక స్టాప్ సైన్ దగ్గర ఆగాను. మళ్లీ కదిలించేసరికి వెనక చక్రం ఒక్కటే గిర్రున తిరుగుతోంది. తమ్ముడు పక్కకి వంగి చూసి "అన్నయ్యా, ఈ చక్రం కదలట్లేదు" అని అరిచాడు. అంతలో బండి ముక్కు కుడికి లాగేసింది. ఆ తర్వాత మొత్తం వెనక్కి జారడం మొదలెట్టింది. బ్రేకులు పట్టే ఉన్నాయి, చక్రాలు బిగుసుకుపోయాయి, అయినా సుమారు 330 కిలోల బండి మమ్మల్నిద్దర్నీ మోసుకుని కిందికి జారుతూనే ఉంది. కింద అడ్డరోడ్డు మీద కార్లు పోతున్నాయి. పక్కనున్న స్నో బ్యాంకులో సైడ్‌కార్ కూరుకుపోయి ఆగింది కాబట్టి ఇవాళ ఇది రాయగలుగుతున్నాను. తమ్ముడి మోచెయ్యి వాచిపోయింది, సైడ్‌కార్ మడ్‌గార్డ్ వంగిపోయింది. అక్కడ ఆ మంచు గుట్ట లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది. వాడు మొన్న ఆగస్టులోనే ఎమ్మెస్ కోసం వచ్చాడు. అమ్మకి ఇంకా చెప్పలేదు.

ఊళ్లో పాత ఉరాల్‌లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు, ఆయన దగ్గరికి ట్రైలర్ మీద తీసుకెళ్లాను. విప్పి చూపించారు. లివర్ బాగానే కదులుతోంది, లోపల ఒకదాన్నొకటి పట్టుకుని షాఫ్ట్‌ని తిప్పాల్సిన పళ్లు, స్ప్లైన్లు అంటారు, అవి మాత్రం అరిగి నున్నగా అయిపోయాయి. బయట నుంచి ఎంత చూసినా షాఫ్ట్ చక్కగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఇది ఒక్క చలికాలంలో అరిగింది కాదు, ఎవరో తారు రోడ్డు మీద లివర్ వేసుకుని చాలాకాలం తిప్పి ఉంటారని ఆయన అన్నారు. బాగుచేయడానికి 1,800 డాలర్ల దాకా అవుతుందట.

అక్కడితో అయిపోతే పాత బండి కదా, వాళ్లకీ తెలియదేమో అనుకునేవాణ్ని. పెద్దాయన పనిముట్ల కోసం సైడ్‌కార్ వెనక డిక్కీ తెరిచారు. టూల్ రోల్ కింద మడతపెట్టిన కాగితం ఒకటి దొరికింది. ఆ షాపు సర్వీసు విభాగం రాసిన షీటే. నాకు అమ్మకముందు తేదీ. దాని మీద చేతిరాతతో ఉంది: సైడ్‌కార్ డ్రైవ్ పట్టడం లేదు, స్ప్లైన్లు పోయాయి, రిపేరు చేయలేదు, అమ్మకానికి పంపండి. కింద మెకానిక్ పొడి అక్షరాలు. అది చదువుతుంటే నా చేతులు చల్లబడిపోయాయి. తెలిసి అమ్మారు. మనిషి ఎక్కి కూర్చునే బండిని, ఎక్కడ నడుపుతాడో, ఎందుకు నడుపుతాడో వాడి నోటి వెంటే విని, తెలిసి అమ్మారు.

నిన్న ఆ కాగితం పట్టుకుని తమ్ముడూ నేనూ షాపుకి వెళ్లాం. సేల్స్ మనిషి నన్ను చూడగానే లోపలికి వెళ్లిపోయాడు. మేనేజర్ వచ్చాడు. కాగితం కౌంటరు మీద పెట్టి, జరిగింది మొత్తం చెప్పాను. గొంతు పెంచలేదు. చదివాడు. చదివాక అతని మొహంలో ఆశ్చర్యం ఏమీ లేదు. "నువ్వు ఎక్కడి నుంచి వచ్చావు?" అని అడిగాడు. డులూత్ నుంచి అన్నాను. "అది కాదు, అసలు ఎక్కడి నుంచి? మీ దగ్గర మంచు ఉండదు కదా. నడపడం రాకపోతే బండి ఏం చేస్తుంది?" అన్నాడు. చుట్టూ కస్టమర్లు ఉన్నారు. ఒకతను తల తిప్పుకున్నాడు. తమ్ముడు వాచిన చెయ్యి పట్టుకుని నా పక్కనే నిలబడి ఉన్నాడు, వాడి ముందు ఆ మాట అన్నాడు.

నేను మూడు చక్రాల బండి శిక్షణ తీసుకున్నాను, లైసెన్సు ఉంది. సైడ్‌కార్ కుడి పక్కన ఉంటుంది కాబట్టి కుడి మలుపులో అది గాల్లోకి లేస్తుందనీ, గ్యాసు ఇస్తే కుడికీ బ్రేకు వేస్తే ఎడమకీ లాగుతుందనీ నాకు తెలుసు. ఇవేవీ అతనికి చెప్పలేదు. నేను నడిపే తీరుకీ అరిగిపోయిన పళ్లకీ సంబంధం ఏమిటని మాత్రం అడిగాను. "యాజ్ ఈజ్ అని సంతకం పెట్టావా లేదా?" అన్నాడు, అంటే ఉన్నది ఉన్నట్టుగా కొన్నాను, తర్వాత షాపుకి బాధ్యత లేదు అని. అని ఆ కాగితం తీసుకుని, "ఇది మా షాపు లోపలి కాగితం, నీ దగ్గర ఉండకూడదు" అంటూ సొరుగులో వేసి తాళం పెట్టాడు. నా కళ్ల ముందే. తిరిగి ఇమ్మని అడిగితే పోలీసుల్ని పిలుస్తానన్నాడు.

తమ్ముడు ముందురోజే దానికి రెండు వైపులా ఫోటోలు తీసి పెట్టాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు మిగిలిన ధైర్యం అదే. అటార్నీ జనరల్ ఆఫీసుకి ఫిర్యాదు రాసేశాను, ఫోటోలూ, పెద్దాయన రాసిచ్చిన రిపోర్టూ జతచేశాను. చిన్న మొత్తాల దావాలు చూసే కన్సిలియేషన్ కోర్టుకి కూడా వెళ్తాను. యాజ్ ఈజ్ అన్న ముక్క ఉన్నంత మాత్రాన, తెలిసి తెలిసి అబద్ధం చెప్పి అమ్మడం చెల్లిపోతుందంటే నేను ఒప్పుకోను.

ఐసు మీద మూడు చక్రాల బండేమిటి, కారు కొనుక్కోవచ్చు కదా అని కొందరు అనొచ్చు. జర్మనీలో 1956 నుంచి నడిచే ఎలిఫెంట్ ర్యాలీ అని ఒకటుంది. నడి చలికాలంలో, మంచులో, సైడ్‌కార్ బళ్లు వేసుకుని జనం గుడారాల్లో పడుకోవడానికి వెళ్తారు. సరైన బండి సరిగ్గా ఉంటే ఇది చక్కగా జరిగే పనే. ఉరాల్ కంపెనీనీ నేను ఏమీ అనను. 2014 నుంచి వాళ్లు ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టాక చలిలో స్టార్ట్ చేయడం కూడా తేలికైంది. రష్యాలో ఇర్బిత్ నుంచి 2022లో అసెంబ్లీ కజకిస్తాన్‌లోని పెట్రోపావ్ల్‌కి మార్చుకుని మరీ బళ్లు చేశారు. నా గొడవ బండితో కాదు, అమ్మినవాళ్లతో.

కొనేవాళ్లు ఇది ఒక్కటి చేయండి. సైడ్‌కార్ చక్రం కింద జాకీ పెట్టి అది ఒక్కటీ నేల నుంచి లేపమనండి, వెనక చక్రం నేల మీదే ఉండాలి. లివర్ వేసి, బండిని కాస్త ముందుకీ వెనక్కీ ఊపండి, పళ్లు కలుస్తాయి. ఇప్పుడు సైడ్‌కార్ చక్రాన్ని చేత్తో తిప్పండి. డ్రైవ్ బాగుంటే అది తిరగదు, నేల మీదున్న వెనక చక్రం దాన్ని పట్టుకుని ఉంటుంది. గిర్రున తిరిగిందంటే డ్రైవ్ లేనట్టే. దీనికి మంచు అక్కర్లేదు, తారు రోడ్డు వంకా పనిచేయదు. ఒప్పుకోకపోతే అక్కడ కొనకండి. గేర్ అప్ పక్కనే సీటీ అనే మోడల్ కూడా కనిపిస్తుంది, దానికి ఈ డ్రైవే ఉండదు, చూసుకోండి. టూ వీల్ డ్రైవ్ పనిచేస్తోందని బిల్లు మీదే రాయించుకోండి. పాత కార్లకైతే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూలు ప్రకారం డీలరు అద్దానికి బయర్స్ గైడ్ అంటించాలి, వారంటీ ఉందో, యాజ్ ఈజ్ అమ్ముతున్నారో చెప్పే కాగితం అది. మోటార్‌సైకిళ్లకి అది వర్తించదు, మన కాగితం మనమే రాయించుకోవాలి.

ఆ షాపులో ఈ మధ్య గేర్ అప్ కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఐసు మీదికి వెళ్లకముందే జాకీ పెట్టి చూసుకోండి. చక్రం తిరిగితే నాకు మెసేజ్ పెట్టండి, ఫిర్యాదులో మీదీ కలుపుతాను. డిక్కీలో టూల్ రోల్ కింద కూడా ఒకసారి చూడండి.