బిల్లింగా, ఫ్లోరా, ప్రమోటరా: సూపర్ మార్కెట్లో ఏ పని మేలు?

సూపర్ మార్కెట్లో పనికి వెళ్లినవాళ్లని మేనేజరు మొదట అడిగేది దాదాపు ఇదే: "బిల్లింగులో వేయమంటావా, ఫ్లోర్‌లోనా?" బిల్లింగంటే కౌంటర్లో బిల్లు వేసి డబ్బు తీసుకోవడం, ఫ్లోర్ అంటే ర్యాకుల్లో సరుకు సర్దడం. రెంటికీ తేడా అప్పటికి తెలియదు. ఏసీ కింద కూర్చుని చేసే పని కదా అనుకుని చాలామంది బిల్లింగు అంటారు. చాలా కౌంటర్ల దగ్గర అసలు కుర్చీయే ఉండదన్న సంగతి మొదటిరోజు సాయంత్రానికి కాళ్లే చెబుతాయి.

చేరేటప్పుడు ఈ రెండు పనులకీ జీతంలో పెద్ద తేడా ఉండదు. అసలు తేడా తప్పు జరిగినప్పుడు బయటపడుతుంది. బిల్లింగులో తప్పు ఆ రాత్రే మీ పేరు మీద కనబడుతుంది. ఫ్లోర్‌లో తప్పు ఎప్పుడో స్టాక్ లెక్క రోజున, ఎవరి పేరూ లేకుండా కనబడుతుంది. కొత్తవాళ్లు ముందు ఆరు నెలలు ఫ్లోర్‌లో చేసి, ఆ తర్వాత బిల్లింగుకి మారడం మంచిదని నా అభిప్రాయం. ప్రమోటరు (స్టోర్లో నిలబడి ఒక్క బ్రాండు సరుకునే అమ్మిపెట్టే మనిషి) సంగతి వేరు, దాని గురించి చివర్లో చెప్తాను.

బిల్లింగు రోజు ఫ్లోటు (డ్రాయరులో ముందుగా పెట్టుకునే చిల్లర డబ్బు) లెక్కతో మొదలవుతుంది. క్యాష్ రూమ్‌లో ఇచ్చే చిల్లర రెండు వేలైనా మూడు వేలైనా, ఇచ్చినవాళ్ల ముందే లెక్కపెట్టుకుని సంతకం చేయాలి. కౌంటరుకి వెళ్లాక "పది రూపాయల కట్టలో రెండు నోట్లు తక్కువున్నాయి" అంటే వినే నాథుడు ఉండడు.

అసలు పరీక్ష రాత్రి టాలీ దగ్గర, అంటే డ్రాయరులో డబ్బుని బిల్లులతో సరిచూసే దగ్గర. ఫ్లోటు 2,000, నగదు అమ్మకం 41,360 అనుకోండి. డ్రాయరులో 43,360 ఉండాలి, లెక్కపెడితే 43,180 వచ్చింది. షార్టేజీ 180. ఈ అంకె వినగానే పాత క్యాషియర్లు చెప్పేస్తారు, ఇరవై నోటు ఇవ్వాల్సిన చోట రెండు వందల నోటు వెళ్లిపోయిందని. రెండూ పసుపు ఛాయవే, రష్‌లో చెయ్యి ఏ గడిలోకి పోయిందో చూసుకోం. అందుకే ఆ రెండు గడులూ పక్కపక్కన పెట్టుకోకూడదు. 400 తక్కువ వస్తే వంద బదులు ఐదొందలు ఇచ్చినట్టు. 685 లాంటి అంకె తేలితే మాత్రం నోట్లు వెతకడం దండగ, అదే మొత్తానికి బిల్లుందేమో చూడండి. కస్టమరు ఫోన్‌పే చేస్తే మీరు క్యాష్ నొక్కి ఉంటారు, యూపీఐ లెక్కలో సరిగ్గా 685 ఎక్కువ కనబడుతుంది. డే క్లోజ్ (సిస్టమ్‌లో ఆ రోజు లెక్క ముగించడం) చేయకముందే సూపర్‌వైజరుకి చూపిస్తే సరిచేస్తారు. క్లోజ్ అయ్యాక మెయిళ్లు, వివరణలు, వారం రోజుల తిరుగుడు.

యూపీఐలో ఇంకో గండం స్క్రీన్‌షాట్. "వెళ్లిపోయింది చూడండి" అని ఫోన్ ముందు పెట్టేస్తారు. మీ మెషీన్‌లో సక్సెస్ రావాలి, లేదా సౌండ్ బాక్స్ పలకాలి. ఆ రెండూ లేకుండా సంచి వదలొద్దు. ఐదొందల నోటుకైతే వంచి చూడటం ఒక్కటి అలవాటు చేసుకుంటే చాలు: అసలు నోటులో దారం ఆకుపచ్చ నుంచి నీలంలోకి మారుతుంది.

షార్టేజీని జీతంలో కోస్తారా? చాలాచోట్ల కోస్తారు. అయితే 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం మీకు అప్పగించిన డబ్బో సరుకో మీ నిర్లక్ష్యం వల్లే నేరుగా పోయిందని తేలితేనే కోయాలి, అన్ని కోతలూ కలిపినా ఆ నెల జీతంలో సగం దాటకూడదు. డ్రాయరు తాళం మీ దగ్గర ఉంటే ఆ బాధ్యత మీది. టీ బ్రేక్‌కి వెళ్తూ లాగిన్ అలాగే వదిలేసి వేరేవాళ్లని కూర్చోబెడితే, ఆ బిల్లులూ మీ పేరు మీదే పడతాయి. పాస్‌వర్డ్ ఇచ్చిపుచ్చుకోవడం స్నేహం కింద మొదలై పంచాయితీ దాకా పోతుంది.

కౌంటర్లో నేర్చుకోవాల్సిన పని కొంత ఉంది. కూరగాయల తూకం స్టిక్కరు మీది 13 అంకెలు సాధారణంగా 2తో మొదలవుతాయి. వస్తువు కోడు, బరువు (కొన్ని మెషీన్లలో ధర) ఆ అంకెల్లోనే ఇమిడి ఉంటాయి. స్టిక్కరు తడిసి స్కాన్ కాకపోతే అంకెలు చేత్తో కొట్టండి, భయం లేదు. చివరిది మిగతా పన్నెండింటినీ సరిచూసే అంకె కాబట్టి ఒక్క అంకె తప్పినా సిస్టమ్ తీసుకోదు. ఆరు నూడుల్స్ ప్యాకెట్లు నాలుగు రుచుల్లో వస్తే, ఒకదాన్నే స్కాన్ చేసి ఆరుతో గుణించడం మాత్రం చేయొద్దు. ధర ఒకటే కాబట్టి కస్టమరుకి నష్టం లేదు, మీ టాలీ కూడా సరిపోతుంది. స్టాక్‌లో మాత్రం ఒక రుచి ఎక్కువ, మూడు రుచులు తక్కువ తేలతాయి. దాని తిట్లు మూడు నెలల తర్వాత ఫ్లోర్‌లో ఉన్నవాడు తింటాడు.

ఒకే బార్‌కోడ్‌కి రెండు ఎమ్మార్పీలు ఉన్నప్పుడు రెండు విభాగాలూ కలిసి ఇరుక్కుంటాయి. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు, తలనూనెలపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు, ఒకే సబ్బు పాత ధరతో, ధర తగ్గించిన స్టిక్కరుతో, కొత్త ప్యాకింగుతో ర్యాక్ ఎక్కింది. స్కాన్ చేయగానే సిస్టమ్ ధరల జాబితా చూపిస్తుంది. క్యాషియరు తొందరలో పైదానికి ఎంటర్ కొడితే, ప్యాకెట్ మీదున్న ధర కంటే ఎక్కువ తీసుకున్నట్టవుతుంది, అది తూనికలు కొలతల చట్టం కింద నేరం. జాబితా రాగానే ప్యాకెట్ తిప్పి చూడటం క్యాషియరు పని. పాత ధర సరుకునీ కొత్త ధర సరుకునీ ఒకే వరసలో కలపకుండా పెట్టడం ఫ్లోర్ పని. ఫ్లోర్‌లో చేసి వచ్చిన క్యాషియరుకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫ్లోర్ పనిలో లెక్కల దడ లేదు, ఒళ్లు మాత్రం హూనం. బియ్యం సంగతే తీసుకోండి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగు బియ్యానికి 5 శాతం జీఎస్టీ వేశారు, దాంతో మార్కెట్లోకి 26 కిలోల బస్తాలు దిగాయి. పన్ను తప్పించిన ఆ అదనపు కిలోని మోసేది ఫ్లోర్ కుర్రాళ్లే. బస్తా ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచాలి, బస్తాని పొట్టకి ఆనించుకోవాలి, బరువు చేతిలో ఉండగా నడుము తిప్పకుండా పాదాలతో సహా తిరగాలి. పాలెట్ (బస్తాలు పేర్చే పలక) మీద ఒక వరస నిలువుగా, పై వరస అడ్డంగా పేరిస్తే జారవు. ఛాతీ ఎత్తు దాటాక ఒంటరిగా ఎత్తొద్దు, రెండోమనిషి వచ్చేదాకా ఆగండి.

ర్యాక్ నింపడంలో కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే. "పాత సరుకు ముందు, కొత్తది వెనక" అని నేర్పుతారు, వాళ్లు లారీలో వచ్చిన రోజుని బట్టి పేరుస్తారు. నిన్న వచ్చిన పెట్టె గడువు మొన్న వచ్చిన పెట్టె కంటే ముందే తీరిపోవచ్చు, గోడౌన్‌లో అది ఎన్నాళ్లు మూలబడి ఉందో మనకి తెలియదు కదా. వచ్చిన తేదీ వదిలేసి ప్యాకెట్ మీది తేదీ చూడాలి. చిరిగిన గోధుమపిండి ప్యాకెట్‌ని వెంటనే డంపులోకి (పాడైన సరుకు పెట్టే చోటుకి) పంపాలి, లేకపోతే అందులో పట్టిన పురుగు పక్క ప్యాకెట్లకీ పాకుతుంది. అగరొత్తుల పక్కన టీపొడి పెడితే వారానికి టీ దేవుడి గదిలా వాసనొస్తుంది.

నూనె ప్యాకెట్ పగిలితే ముందు ఆ వరస రెండు వైపులా ట్రాలీలు అడ్డం పెట్టాలి. నీళ్లు పోయొద్దు, పోస్తే నూనె ఇంకో నాలుగు గజాలు పాకుతుంది. అట్టముక్కలు పరిచి పీల్చనిచ్చి, డిటర్జెంట్ పొడి చల్లి రుద్ది, ఆ తర్వాతే తడిగుడ్డ. చెప్పుల అడుగున అంటిన నూనె కూడా తుడుచుకోండి, దాన్ని మరిచిపోయే చాలామంది జారిపడేది.

ఫ్లోర్‌లో అసలు లాభం సరుకు చేతికి అలవాటవడం. ఏ బ్రాండు ఎక్కడుంది, ఏది దేనికి బదులు ఇవ్వొచ్చు, ఏ సరుకు ఎంత వేగంగా కదులుతుంది అన్నవి తెలిస్తేనే డిపార్ట్‌మెంట్ ఇన్‌ఛార్జి అవుతారు. ఒక నష్టమూ ఉంది: స్టాక్ లెక్క రాత్రి తెల్లవార్లూ మీరే ఉండాలి. ఆ గంటలు ఓవర్‌టైమ్‌గా రిజిస్టరులో ఎక్కాయో లేదో ఆ రాత్రే చూసుకోండి. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు రేటు ఇవ్వాలి.

ఇక ప్రమోటరు. స్టోర్లోనే నిలబడతారు, స్టోరు మనిషి కాదు. జీతం ఇచ్చేది బ్రాండు తరఫున ఏజెన్సీ. టార్గెట్ దాటితే ఇన్సెంటివ్ వస్తుంది, కాబట్టి దసరా, దీపావళి నెలల్లో మిగతా ఇద్దరికంటే చేతికి ఎక్కువే రావచ్చు. పని కూడా ర్యాక్ ముందు మాటలతో నడిచేదే. అయితే ఇద్దరు యజమానులు. లారీ వచ్చిందంటే స్టోరు మేనేజరు బస్తాలు దించమంటాడు, ఆ గంటలో అమ్మకం పోయినా ఏజెన్సీ టార్గెట్ తగ్గించదు. బ్రాండు ప్రచారం ఆపేస్తే ఉద్యోగమూ ఆగుతుంది. చేరాలనుకుంటే ఆఫర్ లెటర్‌లో ఏజెన్సీ పేరు, జీతం పడే తేదీ రాసి ఉన్నాయో లేదో చూడండి. నెల తిరిగాక యూఏఎన్‌తో (మీ పీఎఫ్ ఖాతా నంబరుతో) పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి డబ్బు పడిందో లేదో చూడండి. స్లిప్పులో కోత ఉండి పాస్‌బుక్‌లో జమ లేకపోతే మూడో నెల దాకా ఆగకండి. ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కూడా అంతే: 21,000 లోపు జీతానికి మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25. ఈఎస్ఐ నంబరు లేకపోతే హైదరాబాద్ సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి గేటు దాకా వెళ్లి తిరిగి రావాల్సిందే.

కాళ్ల విషయంలో ముగ్గురూ సమానమే అనిపిస్తుంది గానీ, కదులుతూ ఉండే ఫ్లోర్ కంటే ఒకేచోట నిలబడే బిల్లింగే మడమలకీ పిక్కలకీ కష్టం. దుకాణాల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే వీలుండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. ఇక్కడ మీ స్టోర్లో స్టూలు వేస్తారేమో అడగండి, కనీసం కాళ్లకింద రబ్బరు మ్యాట్ అయినా. రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరడం ఇబ్బంది అనుకునేవాళ్లకి కూడా బిల్లింగు కష్టం: ఆఖరి కస్టమరు వెళ్లాక టాలీకి ఇంకో అరగంట పడుతుంది, ఆఖరి బస్సు ఆగదు.

చేరేముందు మేనేజరుని ఒక్కటి అడగండి: డ్రాయరు ఒక క్యాషియరుకి ఒకటా, షిఫ్టు మధ్యలో చేతులు మారుతుందా? మారేటప్పుడు లెక్కపెట్టి అప్పగించే పద్ధతి ఉందా? "అదేం ఉండదు, అందరూ మనవాళ్లే" అన్న జవాబు వస్తే ఫ్లోర్ ఇవ్వమనండి.