లాకు వేసిన పేజీ ఎంతవరకు కదలదు: ఎమ్‌లాక్ పరీక్షలతో మూడేళ్లు

మా వైపు లాకులంటే పడవల కోసం కాలువల మీద కట్టిన లాకులే. నేను మూడేళ్లుగా పరీక్షిస్తున్నది మాత్రం లినక్స్ కెర్నెల్‌లోని, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలోని, మెమరీ లాకును. కెర్నెల్ మెమరీని పేజీలనే చిన్న ముక్కలుగా చూసుకుంటుంది; లాకు వేసిన పేజీ ర్యామ్‌లోంచి కదలకూడదు. భీమవరం దగ్గర మా వనామి రొయ్యల చెరువుల గట్టు మీది షెడ్డులో ఒక చిన్న కంప్యూటర్ ఉంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది కనుక, ఆ వేళ మీటరు చదివి ఏరేటర్లను నడిపే ప్రోగ్రాం డిస్కు కోసం ఆగి కూర్చోకూడదని దాని కోడునూ డేటా ఫైళ్లనూ ఎమ్‌లాక్ అనే సిస్టమ్ కాల్‌తో (కెర్నెల్‌ను ఒక పని అడిగే పిలుపుతో) ర్యామ్‌లో బిగించి ఉంచాను. రొయ్య క్షణంలో చచ్చిపోదన్నది నిజమే. కానీ మెమరీ చాలక ప్రోగ్రాం నిమిషాల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోవడం ఒక రాత్రి కళ్లారా చూశాక, ఈ లాకు ఏ ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లను అమర్చి ఉంచే పద్ధతి) మీద ఎంతవరకు నిలుస్తుందో స్వయంగా తేల్చుకోవాలనిపించింది.

అందుకు లినక్స్ టెస్ట్ ప్రాజెక్ట్‌లోని ఎమ్‌లాక్ పరీక్షలనూ, కెర్నెల్ సోర్సుతో పాటు వచ్చే సెల్ఫ్‌టెస్టులనూ ఆధారంగా తీసుకున్నాను. సిస్టమ్ కాల్ ఏం చేస్తానని మాటిచ్చిందో దాన్ని పరీక్షించడంలో ఇవి గట్టివి. పరిమితి దాటితే ఏ ఎర్రర్ రావాలి, 4.4 వెర్షన్‌లో వచ్చిన ఎమ్‌లాక్2 పేజీని తాకినప్పుడే లాకు వేస్తోందా, ఒకే ప్రాంతానికి రెండుసార్లు లాకు వేస్తే లెక్క రెండింతలు కాకుండా ఉందా వంటివన్నీ వీటితో చక్కగా తేలుతాయి. అయితే ఇవి చాలావరకు ఏ ఫైలుకూ చెందని మెమరీ మీద నడిచేవి. ఒకే పరీక్షను అన్ని ఫైల్‌సిస్టమ్‌ల మీదా తిప్పే సదుపాయం ఆ ప్రాజెక్టు చట్రంలో ఉంది కనుక, దాన్ని వాడుకొని ఫైలు మ్యాపింగుల (ఫైలును నేరుగా ప్రోగ్రాం మెమరీలో కనిపించేలా చేయడం) పరీక్షలు నేనే రాసుకున్నాను. మామూలు యూజర్‌కు ఉండే లాకు పరిమితి 5.16 వెర్షన్‌లో 64 కిలోబైట్ల నుంచి 8 మెగాబైట్లకు పెరిగిందని తెలియక అందులో ఒకటి తప్పుగా రాశాను, అది వేరే సంగతి.

మొదటి నెలంతా నన్ను నేనే మోసం చేసుకున్నాను. ఫైలును మ్యాప్ చేసి, లాకు వేసి, డ్రాప్ కాషెస్ అనే కెర్నెల్ ఫైలులో 3 రాసి (కాష్‌లో, అంటే ర్యామ్‌లో దాచిన ఫైలు పేజీలను వదిలేయమని చెప్పి), పేజీలు ర్యామ్‌లో ఉన్నాయా అని మిన్‌కోర్ అనే సిస్టమ్ కాల్‌ను అడిగితే అన్ని ఫైల్‌సిస్టమ్‌లూ నెగ్గాయి. లాకు వేయని ఫైలుతో కూడా అదే చేసి చూడాలన్న బుద్ధి ఆలస్యంగా పుట్టింది, అదీ నెగ్గింది. డ్రాప్ కాషెస్ ఎవరూ మ్యాప్ చేసుకోని శుభ్రమైన (డిస్కుకు రాయాల్సిన మార్పు లేని) పేజీలనే వదిలిస్తుందని, మ్యాప్ అయి వాడుకలో ఉన్న పేజీ జోలికి పోదని అప్పుడు తెలిసింది. రెండో గొయ్యి మిన్‌కోర్‌లోనే ఉంది. 5.2 వెర్షన్ నుంచి, మనది కాని, రాయడానికి అనుమతి కూడా లేని ఫైలు గురించి అడిగితే అది ప్రతి పేజీ ర్యామ్‌లో ఉందనే జవాబిస్తుంది. రూట్‌కు (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌కు) చెందిన లైబ్రరీ మీద మామూలు యూజర్‌గా పరీక్ష నడిపినవాడికి ఓటమి ఎన్నడూ కనబడదు. ఇప్పుడు ప్రాసెస్‌ను ఒక సీగ్రూప్‌లో (మెమరీ వంటివాటిని కలిపి లెక్కించే ప్రాసెస్‌ల గుంపులో) ఉంచి, 5.19లో వచ్చిన మెమరీ రిక్లెయిమ్ ఫైలు ద్వారా పేజీలను బలవంతంగా వదిలిస్తున్నాను. ప్రతి పరీక్షకూ లాకు లేని జోడు ఒకటి ఉంటుంది. ఆ జోడు ఓడితేనే అసలు పరీక్ష గెలుపును లెక్కలోకి తీసుకుంటాను. స్వాప్ (ర్యామ్ పేజీలను దింపుకొనే డిస్కు చోటు) లేని యంత్రం మీద, మెమరీలోనే ఉండే ఫైల్‌సిస్టమ్ అయిన టీఎమ్‌పీఎఫ్‌ఎస్ జోడు ఎప్పటికీ ఓడిపోదన్నది కూడా ఇక్కడే నేర్చుకున్నాను, ఎందుకంటే ఆ పేజీలు పోవడానికి వేరే చోటు లేదు.

చదవడం వరకు ఎక్స్‌ట్4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే డిస్కు ఫైల్‌సిస్టమ్‌లకూ టీఎమ్‌పీఎఫ్‌ఎస్‌కూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా రాయడంలో ఉంది. ఫైలును షేర్డ్‌గా (రాసింది ఫైలుకే చేరేలా) మ్యాప్ చేసి లాకు వేసినప్పుడు, కెర్నెల్ ఆ పేజీలను అనవసరంగా డర్టీ (డిస్కుకు రాయాల్సినవి) చేయకుండా చదివి మాత్రమే తెస్తుంది. అందువల్ల డిస్కు మీది ఫైల్‌సిస్టమ్‌లలో మొదటిసారి రాసినప్పుడు ఫాల్ట్ (ప్రోగ్రాం ఆగి పని కెర్నెల్ చేతికి పోవడం) వచ్చి, ఫైల్‌సిస్టమ్ అనుమతి తీసుకున్నాకే రాత సాగుతుంది. పేజీ డిస్కుకు చేరిన ప్రతిసారీ కెర్నెల్ దాన్ని మళ్లీ రాయడానికి వీల్లేకుండా మారుస్తుంది గనుక, ఆ తర్వాతి రాతకూ అదే తంతు. ఎక్స్‌ట్4లో ఆ అనుమతి జర్నల్ (మార్పుల చిట్టా) కోసం ఆగవచ్చు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో, డిస్కుకు వెళ్తున్న రాత పూర్తయ్యే దాకా ఆగడమే కాక, మామూలుగా ప్రతి రాతకూ కొత్త చోటు కావాలి కాబట్టి డిస్కు నిండితే లాకు వేసిన పేజీ మీద రాస్తూండగానే ప్రోగ్రాం సిగ్‌బస్ అనే ఎర్రర్ సిగ్నల్‌తో పడిపోవచ్చు. ఇవన్నీ మైనర్ ఫాల్టులుగానే (పేజీని డిస్కు నుంచి చదవనవసరం లేనివిగానే) లెక్కకొస్తాయి. మేజర్ ఫాల్టుల సంఖ్య సున్నా అని చూసి నేను సంతోషించిన రోజుల్లోనే ప్రోగ్రాం రాత దగ్గర ఆగిపోతూ ఉంది. అందుకే ఇప్పుడు ఫాల్టుల లెక్క మానేసి, ప్రతి రాతకు ముందూ వెనుకా గడియారం చదువుతున్నాను. ఈ విషయంలో టీఎమ్‌పీఎఫ్‌ఎస్ ఒక్కటే నిజంగా నిశ్శబ్దంగా ఉంది.

లాకు వేసినా పేజీని లాక్కుపోయే దారులు మరికొన్ని ఉన్నాయి. ఎవరైనా ఆ ఫైలును కుదిస్తే పేజీ పోతుంది, తాకితే సిగ్‌బస్ వస్తుంది. వేరొక ప్రాసెస్ అదే ఫైలులోకి డైరెక్ట్ ఐ/ఓతో (కాష్‌ను దాటి నేరుగా డిస్కుకు) రాస్తే కాష్‌లోని పేజీ చెల్లకుండా పోయి మళ్లీ డిస్కు నుంచి రావలసి ఉంటుంది. కంటెయినర్లలో (ప్రోగ్రాంలను విడిగా నడిపే గూళ్లలో) కనిపించే, పొరలను కలిపి ఒకటిగా చూపే ఓవర్‌లేఎఫ్‌ఎస్‌లో మ్యాపింగ్ అడుగు పొరలోని అసలు ఫైలుకు తగులుతుంది; ఆ తర్వాత ఎవరో ఆ ఫైలులో రాయగా అది పై పొరకు కాపీ అయితే, మన లాకు పాత ప్రతినే పట్టుకొని కూర్చుంటుంది. దీన్ని పట్టే పరీక్ష రాయడానికి నాకు ఎక్కువ కాలమే పట్టింది, అందులో సగం అది లోపమా పద్ధతా అని నాతో నేను వాదించుకోవడంలోనే గడిచింది.

లెక్కల విషయంలో ఒక మాట. ప్రాసెస్ స్టేటస్‌లో కనిపించే లాకు సంఖ్య మ్యాపింగు వైశాల్యమే గాని, ర్యామ్‌లో ఉన్న పేజీల సంఖ్య కాదు. పెద్ద పేజీలు వాడే హ్యూజ్‌టీఎల్‌బీఎఫ్‌ఎస్, కాష్ లేకుండా నిల్వనే నేరుగా మ్యాప్ చేసే డాక్స్ మ్యాపింగులకు ఎమ్‌లాక్ విజయమని చెప్పినా ఆ సంఖ్య పెరగదు, కనుక అన్నిటికీ ఒకే కొలత పెట్టిన నా పాత పరీక్ష అక్కడ ఊరికే ఓడిపోయేది.

ప్రస్తుతం మా షెడ్డులోని ప్రోగ్రాం కొలతలను టీఎమ్‌పీఎఫ్‌ఎస్ ఫైలులోనే రాస్తుంది. లాకు అవసరం లేని మరో చిన్న ప్రాసెస్ వాటిని తీసి ఎక్స్‌ట్4 మీద భద్రపరుస్తుంది. కరెంటు పోతే చివరి కొన్ని కొలతలు పోతాయి, దానికి నేను ఒప్పుకున్నాను. కెర్నెల్ మారిన ప్రతిసారీ ఈ పరీక్షలన్నీ పట్టపగలే, చెరువుల మీద మనిషి ఉన్నప్పుడు, ముందు లాకు లేని జోడుతో మొదలుపెట్టి నడుపుతాను.