జాగ్రత్త: "స్పైడర్‌మాన్ పెళ్లి సెట్" అని అమ్ముతున్నారు, దయచేసి కొనకండి

ఇంపోర్టెడ్ కామిక్స్ కొనేవాళ్లలో చాలామందికి ఆ సెల్లర్ తెలుసు. పేరు రాయను. వారం వారం కొత్త స్టాక్ ఫోటోలు పెట్టి, కింద "సీల్డ్ కాపీ, నో రిటర్న్" అని రాసే మనిషి అంటే మీకే అర్థమవుతుంది. అతని దగ్గర "స్పైడర్‌మాన్ పెళ్లి సెట్" అని రెండు పుస్తకాలు కలిపి 6,800 రూపాయలకు పెట్టాడు. కొనకండి. నేను కొన్నాను, నిన్న పార్సిల్ వచ్చింది, ఇంకా కోపం తగ్గలేదు.

సంగతేంటంటే మా తమ్ముడి పెళ్లి దగ్గర పడింది. వాడికీ, కాబోయే మరదలికీ స్పైడర్‌మాన్ పీటర్ పార్కర్, అతని ప్రియురాలు మేరీ జేన్ అంటే ప్రాణం. తెలుగు డబ్బింగ్ సినిమాలతో మొదలై సినిమాల్లోంచి కామిక్స్‌లోకి వెళ్లారు ఇద్దరూ. అందుకని 1987లో వచ్చిన పెళ్లి కథ, అంటే అమేజింగ్ స్పైడర్‌మాన్ యాన్యువల్ (ఏడాదికొకసారి వచ్చే ప్రత్యేక సంచిక) 21, ఉన్న పుస్తకం కానుకగా ఇద్దామనుకున్నాను. తెలియనివాళ్లకు చెప్తున్నా, అది మామూలు సంచిక కాదు. రెండు కవర్లతో వచ్చింది, ఒకదాని మీద పీటర్ పెళ్లి సూటులో, ఇంకోదాని మీద మాస్కులో ఉంటాడు. మేరీ జేన్ పెళ్లి గౌను గీయించింది విల్లీ స్మిత్ అనే నిజమైన ఫ్యాషన్ డిజైనర్‌తో. ఆ ఏడాది జూన్ 5న న్యూయార్క్ షే స్టేడియంలో వేషాలు వేసుకున్న మనుషులతో నిజంగానే పెళ్లి జరిపించారు, పెళ్లి చేయించింది స్పైడర్‌మాన్‌ని సృష్టించినవాళ్లలో ఒకడైన స్టాన్ లీ. 1962లో కామిక్స్‌లో పుట్టిన కుర్రాడు పీటర్‌కి అన్నేళ్ల కష్టాల తర్వాత దొరికిన మంచి రోజు అది.

నేను సెల్లర్‌ని అడిగింది ఒక్కటే. "ఇందులో 1987 పెళ్లి ఉందా?" అతను వెంటనే "ఉంది మేడమ్, ఫుల్ పెళ్లి ఉంది, ఫోటో చూడండి" అని లోపలి పేజీ ఒకటి పంపాడు. తెల్ల గౌనులో మేరీ జేన్. ఆ పేజీ నాకు తెలుసు, యాన్యువల్లోదే. పుస్తకం కవర్ కూడా పంపమంటే "కవర్ వేరే ఎడిషన్‌ది మేడమ్, లోపల అదే" అన్నాడు. డబ్బు పంపాను.

వచ్చిన రెండు పుస్తకాలు ఏంటో తెలుసా? ఒకటి వన్ మోర్ డే. రెండోది వన్ మొమెంట్ ఇన్ టైమ్. కామిక్స్ చదివేవాళ్లు ఇక్కడే తల పట్టుకుంటారు. ఆ పెళ్లిని చెరిపేసిన కథ మొదటిది, ఎలా చెరిగిపోయిందో విడమరచి చూపించే కథ రెండోది. పెళ్లి కానుకగా ఇవ్వడానికి ప్రపంచంలో ఇంతకంటే పనికిరాని పుస్తకాలు దొరకవు.

వన్ మోర్ డే 2007 చివర్లో నాలుగు భాగాలుగా వచ్చింది. అంతకుముందు సివిల్ వార్ అనే కథలో పీటర్ అందరి ముందూ మాస్కు తీసి పేరు చెప్పుకుంటాడు, దాంతో కింగ్‌పిన్ అనే నేరగాళ్ల నాయకుడు పురమాయించిన హంతకుడు అతనికి గురిపెట్టిన తూటా పిన్నమ్మ మే ఒంట్లో దిగుతుంది. ఆమె ప్రాణం కోసం మెఫిస్టో అనే దయ్యంతో పీటర్, మేరీ జేన్ ఒప్పందానికి వస్తారు. ప్రాణానికి బదులు దయ్యం అడిగేది వాళ్ల పెళ్లి. అసలు పెళ్లే జరగనట్టు లోకమంతా మరిచిపోతుంది. ఆ కథలో ఒక ఎర్రజుట్టు చిన్నపిల్ల కనిపిస్తుంది. ఆమె ఎవరో చివర్లో తెలుస్తుంది, ఈ ఒప్పందం వల్ల ఎప్పటికీ పుట్టకుండా పోయే వాళ్ల కూతురు. ఈ పేజీ ఉన్న పుస్తకం కొత్త దంపతుల చేతిలో పెట్టబోయాను నేను. వాళ్లు కవరు చింపి ఆ పేజీకి వచ్చి ఉంటే ఎలా ఉండేదో తలుచుకుంటే కడుపు మండుతోంది.

ఇక ఫోటో సంగతి. ఆ పేజీ నిజంగానే పుస్తకంలో ఉంది! 2010లో వచ్చిన వన్ మొమెంట్ ఇన్ టైమ్ మొదటి భాగంలో 1987 యాన్యువల్ పేజీలనే తీసుకుని, వాటి మధ్య మధ్యలో కొత్తగా గీసిన పేజీలు దూర్చారు. పాత పేజీల్లో పెళ్లి ఏర్పాట్లు, కొత్త పేజీల్లో పీటర్ ఒక దొంగను పట్టుకోబోయి స్పృహ తప్పి పడిపోవడం. ముహూర్తం దాటిపోతుంది, మేరీ జేన్ ఎదురుచూసి ఎదురుచూసి ఏడుస్తుంది. అంటే ఆ పెళ్లి గీసిన పాల్ రయాన్ బొమ్మల్నే తీసుకొచ్చి ఆ పెళ్లి జరగలేదని చెప్పడానికి వాడుకున్నారు. నాకు ఫోటో పంపినతను చేసిందీ అదే, పక్క పేజీ కనపడకుండా కత్తిరించి పంపాడు.

ఫోన్ చేశాను. డబ్బు పంపేదాకా "మేడమ్, మేడమ్" అన్న గొంతు మారిపోయింది. "ఫోటోలో ఉన్న పేజీ పుస్తకంలో ఉందా లేదా?" అన్నాడు. ఉంది, కానీ నేను అడిగింది పెళ్లి కథ అన్నాను. "చూడమ్మా, కథ నీకు నచ్చకపోతే నాకేం సంబంధం, పోయి రాసినోణ్ని అడుగు" అని పెట్టేశాడు. తర్వాత బ్లాక్ చేశాడు. డబ్బు పోయింది సరే, సంపాదించుకుంటాం. "రాసినోణ్ని అడుగు" అన్న ఆ మాట మాత్రం మింగుడు పడటం లేదు, ఎందుకంటే ఈ రెండు పుస్తకాల విషయంలో ఆ మాట ఎంత అన్యాయమో కామిక్స్ అమ్ముకునేవాడికి తెలిసి ఉండాలి.

వన్ మోర్ డే మీద రచయితగా ఉన్న పేరు జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ. 2001 నుంచి స్పైడర్‌మాన్ రాసి, విడిపోయి దూరమైన పీటర్‌నీ మేరీ జేన్‌నీ మళ్లీ కలిపింది ఆయనే. ఆ పెళ్లిని దయ్యానికి అప్పజెప్పే కథ ఆయన చేతనే రాయించారు. ఒప్పుకోని విషయాలు చాలా ఉన్నాయని, చివరి రెండు సంచికల మీద తన పేరు తీసేయమని చెప్పానని, స్పైడర్‌మాన్ ప్రచురించే మార్వెల్ కంపెనీ ఎడిటర్ ఇన్ చీఫ్ జో కెసాడా నచ్చజెప్పాక ఊరుకున్నానని ఆయనే అందరికీ తెలిసేలా రాశాడు. పేరు తీసేయమన్న మనిషి పేరు పెద్ద అక్షరాల్లో కవర్ మీద వేసి అమ్ముతున్నారు ఇప్పటికీ. ఆ బొమ్మలు గీసింది కూడా కెసాడానే. ఇక రెండో పుస్తకం రాసిందే కెసాడా, అప్పటికి ఇంకా ఎడిటర్ ఇన్ చీఫ్ పదవిలోనే ఉన్నాడు. ఎవర్ని అడగాలి నేను?

పెళ్లయితే పీటర్ పెద్దవాడైపోయినట్టు కనిపిస్తాడు, విడాకులిస్తే ఇంకా ముసలివాడవుతాడు అన్నది కెసాడా చెప్పిన కారణం. ఆ మాట నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. పెళ్లయిన స్పైడర్‌మాన్ కథలు 20 ఏళ్లు నడిచాయి, చదివినవాళ్లు చదివారు, పిల్లలు కూడా చదివారు. అయినా ఆఫీసు గదిలో కూర్చున్నవాళ్లకు ఆ పెళ్లి మొదటి నుంచీ ఇబ్బందే. 1994లో మొదలైన క్లోన్ సాగా అనే కథ వెనక ఉన్నదీ ఇదే, పెళ్లి కాని స్పైడర్‌మాన్‌ని తిరిగి తేవాలని అతని క్లోన్ (నకలు) అనుకున్న బెన్ రైలీని అసలు పీటర్ అనేశారు, పాఠకులు తిట్టిపోశాక వెనక్కి తిప్పారు. తర్వాత మేరీ జేన్ విమానం పేలి చనిపోయిందన్నారు, అదీ నిలవలేదు. 2004లో స్ట్రాజిన్‌స్కీ పీటర్ పాత ప్రేయసి గ్వెన్ స్టేసీ కవలల కథ రాస్తూ తండ్రి పీటరే అని చూపించాలనుకుంటే, అలా అయితే పీటర్ వయసు పెరిగినట్టుంటుందని పైనుంచి ఒప్పుకోలేదు. చివరికి తండ్రి పీటర్ శత్రువు నార్మన్ ఆస్బార్న్ అయ్యాడు, గ్వెన్‌ని ప్రేమించిన పాఠకులందరి మనసూ విరిగింది. ప్రతిసారీ ఒకటే భయం, పీటర్ పెద్దవాడవుతాడని.

ఎడిటర్ చెయ్యి పెట్టడమే తప్పని నేననను. 1987 పెళ్లి కూడా పైనుంచి వచ్చిన నిర్ణయమే. పత్రికల్లో వచ్చే రోజువారీ స్ట్రిప్‌లో పెళ్లి చేయాలని స్టాన్ లీ అనుకుంటే, కామిక్స్‌లో కూడా చేద్దామని అప్పటి ఎడిటర్ ఇన్ చీఫ్ జిమ్ షూటర్ ఒప్పుకున్నాడు. డేవిడ్ మిషెలినీ రాశాడు. తొందరగా చేసిన పనే అయినా అది పాత్రలకు ఒక జీవితాన్ని ఇచ్చింది, తర్వాత వచ్చిన రచయితలందరికీ రాసుకోవడానికి చోటిచ్చింది. 2007లో చేసింది దానికి పూర్తిగా ఎదురు. అప్పటిదాకా కొన్నవాళ్ల అలమరల్లోని పుస్తకాలన్నిటిలోంచీ పెళ్లిని లాగేసుకుని, దానికి ఇంకొకరి పేరు తగిలించారు.

మార్వెల్‌కి పోటీగా బ్యాట్‌మాన్ కామిక్స్ వేసే డీసీ వాళ్లు మంచోళ్లని అటు వెళ్దామనుకునేవాళ్లకూ ఒక మాట. 2013లో బ్యాట్‌వుమన్ రాస్తున్న జె. హెచ్. విలియమ్స్, హేడెన్ బ్లాక్‌మన్ ఇద్దరూ మధ్యలోనే వదిలేసి వెళ్లారు. బ్యాట్‌వుమన్ కేట్, ఆమె ప్రేయసి మ్యాగీల నిశ్చితార్థం అయ్యాక పెళ్లి మాత్రం చూపించకూడదని ఎడిటోరియల్ అడ్డుపడిందని వాళ్లే బయటికి చెప్పారు. హీరోలకు సుఖమైన సంసారం ఉండకూడదన్నట్టు అక్కడి పెద్దలు మాట్లాడటం అప్పట్లో అందరూ విన్నదే. 2018లో బ్యాట్‌మాన్, క్యాట్‌వుమన్ పెళ్లని నెలల తరబడి ఊరించారు, షాపులవాళ్లు ప్రత్యేక కవర్లు కట్టలు కట్టలుగా తెప్పించుకున్నారు. ఆ 50వ సంచిక రాకముందే పెళ్లి జరగడం లేదని పేపర్లో వచ్చేసింది. అక్కడి కామిక్ షాపులకు మిగిలిపోయిన సంచికలు మామూలుగా వెనక్కి ఇచ్చే వీలుండదు, అమ్ముడుపోకపోతే నష్టం షాపువాడిదే. పెళ్లి కవర్ వేస్తే జనం కొంటారని వీళ్లందరికీ తెలుసు, పెళ్లి నిలబెట్టాలంటే మాత్రం చేతులు రావు.

ఇదంతా నాకు అక్కసుగా ఉండటానికి కారణం ఒకటే. నేను, మా తమ్ముడు ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల దగ్గర చిరిగిన సంచికలు ఏరుకుని, మధ్యలో పేజీలు లేకపోయినా కథ ఊహించుకుని చదివినవాళ్లం. పీటర్ అద్దె కట్టలేక అవస్థ పడటం, ఇంట్లో పెద్దావిడ మందులు, ఉద్యోగం నిలబడకపోవడం, ఇవన్నీ మా ఇంట్లో కూడా ఉన్నాయి. అలాంటి మనిషికి ఒక తోడు దొరికింది అన్నది మాకు చిన్న సంగతి కాదు. దాన్ని అక్కడ ఆఫీసులో ఒకడు తుడిచేసి అమ్ముకుంటే, ఇక్కడ ఇంకొకడు ఆ తుడిచేసిన పుస్తకాన్నే "పెళ్లి సెట్" అని పేరు పెట్టి రెండోసారి అమ్ముతున్నాడు.

కొనబోయేవాళ్లకు: సెల్లర్ ఏ పేరు పెట్టినా నమ్మకండి. మార్వెల్ కలెక్షన్లలో (పాత సంచికలు కలిపి వేసే పుస్తకాల్లో) లోపల చిన్న అక్షరాల్లో ఏ సంచికలు ఉన్నాయో నంబర్లతో సహా రాసి ఉంటుంది, ఆ పేజీ ఫోటో, కవర్ ఫోటో రెండూ అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. "నో రిటర్న్" అని రాసుకున్నంత మాత్రాన చెల్లదు, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటించినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని సెల్లర్ అనడానికి వీల్లేదు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, చాట్, ఫోటో, చెల్లింపు స్క్రీన్‌షాట్లు దాచాను. పీటర్, మేరీ జేన్ సంసారం చదవాలంటే వాళ్ల కూతురు మే కథ స్పైడర్‌గర్ల్ ఉంది, రెన్యూ యువర్ వౌస్ ఉంది, 2024లో జొనాథన్ హిక్‌మన్ మొదలుపెట్టిన అల్టిమేట్ స్పైడర్‌మాన్ ఉంది. అందులో పీటర్‌కు పెళ్లయి ఇద్దరు పిల్లలు, జనం ఎగబడి కొన్నారు.

అదే సెల్లర్ దగ్గర ఈ సెట్ కొన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే స్క్రీన్‌షాట్లు దాచుకుని మీరు కూడా ఫిర్యాదు పెట్టండి. ఎక్కువమంది పెడితేనే కదులుతుంది. యాన్యువల్ 21 నిజంగా చేతిలో ఉండి అమ్మదలుచుకున్నవాళ్లు ఉంటే నాకు చెప్పండి, పెళ్లిలోపు కావాలి, రెండు కవర్లలో ఏదైనా ఫరవాలేదు.