మూడుల్‌తో ఆరేళ్లు: హనుమకొండలో ఆన్‌లైన్ పాఠాలు తయారుచేస్తూ

హనుమకొండలో ఒక విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ విభాగంలో 2019 జులైలో ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్‌గా చేరాను. పాఠం చెప్పేది అధ్యాపకులే. ఆ పాఠాన్ని ఫోన్‌లో చదివే పిల్లలకు అందేలా విడగొట్టడం, ఎక్కడ ప్రశ్న అడగాలో, దేన్ని వీడియో చేయాలో, దేన్ని చేయకూడదో వాళ్లతో కూర్చుని తేల్చడం నా పని. అప్పటి నుంచి రోజూ నా ముందు తెరిచి ఉండేది మూడుల్. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామస్ 2002లో మొదటి వెర్షన్ విడుదల చేసిన ఓపెన్ సోర్స్ ఎల్‌ఎంఎస్ ఇది, అంటే ఆన్‌లైన్‌లో పాఠాలు, పరీక్షలు, మార్కులు నడిపే సాఫ్ట్‌వేర్. లైసెన్సుకు డబ్బు కట్టక్కర్లేదు. సర్వర్‌కు, దాన్ని చూసుకునే మనిషికి కట్టాలి. ఈ ఖర్చు లెక్క వేసుకోకుండా "ఫ్రీ కదా" అని మొదలుపెట్టిన కాలేజీలు ఏడాదిలోనే ఇబ్బంది పడటం చూశాను.

మొదటి ఏడాది నేను దీన్ని ఫైళ్లు దాచే బీరువాలాగే వాడాను. 2020లో లాక్‌డౌన్ రాగానే గంట గంట వీడియోలు రికార్డు చేయించి ఎక్కించాం. కొన్నాళ్లకు తాడ్వాయి వైపు నుంచి ఒక డిగ్రీ అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, ఇంట్ల సిగ్నల్ ఉండదు. చెరువుకట్ట మీదికి పోతెనే వస్తది. గంట వీడియో ఆడ నిలబడి ఎట్ల చూడాలె? రాసింది ఏమన్న ఉంటే పెట్టుండ్రి" అంది. ఆ సాయంత్రం కోర్సు లాగ్స్, అంటే ఎవరు ఏది తెరిచారో చూపే చిట్టా, తీసి చూశాను. వీడియో తెరిచినవాళ్లు చాలామందే ఉన్నారు, దాని కింది క్విజ్ దాకా వచ్చినవాళ్లు చాలా తక్కువ. మా కష్టమంతా వాళ్ల దాకా చేరనే లేదని అర్థమై బాధేసింది. ఆ రోజు నుంచి ఏ సౌకర్యం చూసినా ఆ చెరువుకట్ట మీద నిలబడ్డ అమ్మాయికి పనికొస్తుందా అనే చూస్తున్నాను. ఈ సమీక్ష కూడా ఆ కొలతతోనే రాస్తున్నాను.

ఆ కొలతకు మూడుల్‌లో బాగా నిలబడింది దాని మొబైల్ యాప్. సిగ్నల్ ఉన్నచోట కోర్సు డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంటికెళ్లి నెట్ లేకుండా చదువుకోవచ్చు. క్విజ్ కూడా ఆఫ్‌లైన్‌లో రాయొచ్చు, కానీ దానికి మనం సెట్టింగ్స్‌లో ముందే అనుమతి ఇవ్వాలి. ఆ క్విజ్‌కు టైమ్ లిమిట్ పెట్టకూడదు. ప్రశ్నప్రశ్నకూ వెంటనే జవాబు చూపించే పద్ధతి కూడా కుదరదు, ఫలితం చివర్లోనే రావాలి. ఈ షరతులు తెలియక ఒక సెమిస్టర్ అంతా "యాప్‌లో క్విజ్ తెరుచుకోవట్లేదు" అన్న ఫోన్లకు జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు వారం వారం సాధన క్విజ్‌లు టైమ్ లేకుండా, ఇంటర్నల్ మార్కుల క్విజ్ మాత్రం టైమ్‌తో పెడుతున్నాం. ఇంకో జాగ్రత్త: ఆఫ్‌లైన్‌లో రాసిన జవాబులు మళ్లీ నెట్‌లోకి వచ్చి సింక్ అయితేనే మా దగ్గరికి చేరతాయి. "రాసి ముగించిన కదా మేడమ్" అని నిశ్చింతగా ఉండిపోయిన పిల్లలు మొదట్లో చాలామంది. ఆ మాట ఇప్పుడు ప్రతి క్విజ్ మొదటి వాక్యంగా తెలుగులో రాస్తున్నాను.

వీడియో సంగతికి వస్తే, అసలు కష్టం సాఫ్ట్‌వేర్‌తో కాదు, అలవాటుతో. కామర్స్ చెప్పే ఒక పెద్దాయన "నలభై నిమిషాలు చెప్పకుంటే పాఠం చెప్పినట్టు ఎట్లయితదమ్మా?" అన్నారు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది, తరగతి గదిలో ఆయన నలభై నిమిషాలూ పిల్లలను కట్టిపడేస్తారు. "సార్, నలభై నిమిషాలే చెప్పండి. ఎక్కడెక్కడ ఆపాలో ఇద్దరం కూర్చుని గుర్తు పెట్టుకుందాం" అన్నాను. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని వీడియోల మీద ఫిలిప్ గువో బృందం 2014లో ప్రచురించిన పరిశీలన కూడా చూపించాను. వీడియో ఎంత పొడుగున్నా చూసేవాళ్ల ధ్యాస ఆరు నిమిషాలకు మించి నిలవడం కష్టమని అందులో తేలింది. చివరికి ఆయన బ్రేక్-ఈవెన్ (లాభమూ నష్టమూ లేని స్థాయి) పాఠం ఇలా తయారైంది: గ్రాఫ్ గీయడం ఒక్కటే ఐదు నిమిషాల వీడియో, ఎందుకంటే అది చేతి కదలిక చూస్తేనే అర్థమవుతుంది. లెక్క చేసిన విధానం మెట్టు మెట్టుగా మూడుల్ 'పేజీ'లో. వివరణ ఆయన గొంతుతోనే పది నిమిషాల ఆడియో. 64 కేబీపీఎస్‌లో పెడితే అది 5 ఎంబీ లోపే ఉంటుంది, చెరువుకట్ట మీద కూడా దిగుతుంది. తర్వాత మిగిలిన యూనిట్లన్నీ ఆ పెద్దాయనే విడగొట్టుకుని తెచ్చారు. ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన రోజు అది.

'పేజీ' గురించి ఇంకో మాట. స్కాన్ చేసిన నలభై పేజీల పీడీఎఫ్ ఎక్కించడం సులువు. ఫోన్‌లో దాన్ని వేళ్లతో సాగదీసి, పక్కకు జరిపి చదవడం పిల్లలకు నరకం. పేజీలో పెట్టిన మాటలు తెర వెడల్పుకు తగ్గట్టు సర్దుకుంటాయి. కానీ మన దగ్గర చాలా నోట్సు డీటీపీ సెంటర్లలో పాత ఫాంట్లతో కొట్టించినవి. అవి యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి, కావు. తెచ్చి మూడుల్‌లో అతికిస్తే తెలుగుకు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. కన్వర్టర్‌తో మార్చాక కూడా వత్తులు ఒక్కొక్కటీ కంటితో సరిచూడాలి. తెలుగు మీడియం కోర్సు తయారీలో నా సమయం ఎక్కువగా తినేది ఈ పనే. ఏ కాలేజీ అయినా మొదలుపెట్టే ముందు అధ్యాపకులకు యూనికోడ్ టైపింగ్ నేర్పించాలి. మూడుల్‌కు తెలుగు భాషా ప్యాక్ ఉంది గానీ అన్ని మాటలూ తెలుగులోకి రాలేదు. సగం తెలుగు, సగం ఇంగ్లిష్ చూసి పిల్లలు తికమకపడుతుంటే మెనూ ఇంగ్లిష్‌లోనే ఉంచి, పాఠం, సూచనలు తెలుగులో పెడుతున్నాను.

ప్రశ్నలన్నీ ఒకచోట దాచుకునే క్వశ్చన్ బ్యాంక్ నాకు ప్రాణం. నోట్‌ప్యాడ్‌లో గిఫ్ట్ ఫార్మాట్‌లో (ప్రశ్నలను మామూలు అక్షరాలతో రాసే మూడుల్ పద్ధతి), సరైన జవాబు ముందు =, తప్పు జవాబుల ముందు ~ పెట్టి, యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే వంద ప్రశ్నలు ఒక్కసారే ఎక్కుతాయి. జవాబులోనే = గుర్తు ఉంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ (\) మరిచిపోవద్దు, అకౌంటెన్సీలో ఇది తప్పక ఎదురవుతుంది. యూనిట్‌వారీగా కేటగిరీలు చేసుకుంటే ఒక్కో విద్యార్థికి వేరే ప్రశ్నలు ఇవ్వొచ్చు.

మార్కులు కూడే గ్రేడ్‌బుక్ మాత్రం ఆరేళ్ల తర్వాత కూడా నాకు టెన్షనే. ఖాళీగా ఉన్న మార్కులను లెక్కలోంచి తీసేయాలన్న సెట్టింగ్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది. మూడు అసైన్‌మెంట్లలో ఒక్కటే ఇచ్చి పదికి తొమ్మిది తెచ్చుకున్న అబ్బాయికి మొత్తం 90 శాతంగా చూపించింది. ఇంటర్నల్ జాబితా పంపడానికి ముందురోజు రాత్రి పట్టుకున్నాం. తప్పు మాదే, సెట్టింగ్ చూసుకోలేదు. సెమిస్టర్ మొదట్లోనే ఒక ఉత్తుత్తి విద్యార్థి ఖాతా తెరిచి, కొన్ని మార్కులు ఇచ్చి, కొన్ని ఖాళీ వదిలి, మొత్తం చేత్తో కూడి చూడండి.

తేదీల విషయంలో మూడుల్ మంచి పనిముట్టు, వాడే మనిషికి ఊరు తెలిసి ఉండాలి. 2022 ఫిబ్రవరి 16 నుంచి 19 దాకా మేడారం జాతర. ఒక అసైన్‌మెంట్ గడువు 18న పెట్టేశాం, కటాఫ్ కూడా అదే రోజు. ములుగు, భూపాలపల్లి వైపు పిల్లలు ఎవరూ ఇవ్వలేదు. ఇంట్లో అమ్మవార్ల మొక్కులు, ఊరినిండా జనం, టవర్ల మీద లక్షల ఫోన్లు. వాళ్లను ఒక గ్రూపుగా చేసి ఓవర్‌రైడ్‌తో, అంటే ఆ గ్రూపుకే తేదీ మార్చే సౌకర్యంతో, కొత్త గడువు ఇచ్చాం, మిగతావాళ్ల తేదీలు కదలలేదు. గడువు వేరు, కటాఫ్ వేరు: గడువు దాటితే ఆలస్యమని గుర్తు పడుతుంది, కటాఫ్ దాటితే తలుపు మూసుకుంటుంది. ఈ రెంటి మధ్య వారం ఉంచడం అప్పటి నుంచి మా పద్ధతి. 2024 జాతర వారంలో ఏ గడువూ పెట్టలేదు.

2022లో వచ్చిన 4.0 వెర్షన్‌తో తెర రూపం మారింది. అధ్యాపకులకు మళ్లీ నేర్పాల్సి వచ్చింది, కానీ ఫోన్‌లో కోర్సు వరస స్పష్టంగా కనిపిస్తోంది, మంచి మార్పే. బ్యాకప్ తీసి తర్వాతి బ్యాచ్‌కు రిస్టోర్ చేయడం ఏటా ఎన్నో రోజుల పని మిగులుస్తుంది.

ఒక్క మనిషినైనా పూర్తిగా దీని మీదే పెట్టగలిగిన కాలేజీ అయితే మూడుల్ తీసుకోమనే చెప్తాను. అలాంటి మనిషి లేకపోతే వద్దు, పిల్లలు నష్టపోతారు. తీసుకున్నాక కోర్సు తెరిచే ముందురోజు మీ ఫోన్‌లో యాప్ పెట్టి, కోర్సు డౌన్‌లోడ్ చేసి, ఫ్లైట్ మోడ్‌లో మొదటి యూనిట్ చివరిదాకా మీరే చదివి చూడండి.