ఎర్త్ పీకాలా, ఐసోలేటర్ కొనాలా, వైరింగ్ మార్చాలా?

తణుకు దగ్గర తలుపులకు నగిషీలు చెక్కే, కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషిన్ అది. కంట్రోలర్ సున్నా వోల్టులు ఇస్తోంది, అంటే కదలొద్దని, అయినా సర్వో మోటార్ (ఆ వోల్టేజ్‌ని బట్టి వేగం మార్చుకునేది) సన్నగా వణుకుతూ గుర్రుమంటోంది. సిగ్నల్ వైరు పీకి, యాంప్లిఫైయర్ (సిగ్నల్ అందుకుని మోటార్‌ని నడిపే డ్రైవ్) ఇన్‌పుట్ రెండు కొసలూ కలిపితే వణుకు పోయింది. గ్రౌండ్ లూప్ (ఎర్త్, సిగ్నల్ వైర్ల గుండా కరెంటు చుట్టు తిరగడం) అని అనుమానం అప్పుడే వచ్చింది. మోటార్ ఒకే వైపు నెమ్మదిగా పాకుతుంటే మాత్రం ముందు ఆఫ్‌సెట్ (సున్నా దగ్గర మిగిలిపోయే చిన్న వోల్టేజ్ తేడా) సరిచేసి చూడండి.

కంట్రోలర్ 0 వోల్ట్ కొస (కామన్) ఒకచోట ఎర్త్‌కి, యాంప్లిఫైయర్‌ది ఇంకోచోట ఎర్త్‌కి కలిసి ఉంటుంది. మధ్యలో సిగ్నల్ కామన్ వైరు కలపగానే చుట్టు పూర్తవుతుంది. ఆ వైరులో పారే కరెంటు వల్ల పడే వోల్టేజ్ సిగ్నల్‌కి తోడవుతుంది. 10 వోల్టులకు 3000 ఆర్‌పీఎం అని పెట్టుకుంటే, 10 మిల్లీవోల్టులంటే 3 ఆర్‌పీఎం.

మన వైపు మొదట వచ్చే సలహా "ఇంకో ఎర్త్ పిట్ తవ్వించండి". నాలుగడుగులకే నీరు ఊరే డెల్టా నేలలో ఎర్త్ బాగానే అందుతుంది, నిజమే. కానీ విడివిడిగా ఉన్న రెండు పిట్లు ఒకే వోల్టేజ్‌లో ఉంటాయన్న హామీ లేదు. రెండోది తవ్వి విడిగా వదిలేస్తే తేడా పెరగవచ్చు కూడా. తవ్వితే రెండింటినీ మందపాటి స్ట్రిప్‌తో కలపాల్సిందే.

రెండో సలహా ఎర్త్ వైరు పీకేయడం. దీన్ని పోలికలోకే తీసుకోను. డ్రైవ్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి ఎర్త్‌కి కొంత కరెంటు ఎప్పుడూ పోతూనే ఉంటుంది. ఎర్త్ లేకపోతే అది మెషిన్ బాడీ మీదకొస్తుంది. తడి కాళ్లతో నిలబడే మనుషులున్న చోట ఆ ఆటలొద్దు.

ఇక మిగిలినవి డిఫరెన్షియల్ వైరింగ్ (రెండు వైర్ల మధ్య తేడానే సిగ్నల్‌గా తీసుకునేది), ఐసోలేటర్ (వైర్లు నేరుగా కలవకుండా సిగ్నల్‌ని మాత్రం దాటించే పరికరం). యాంప్లిఫైయర్‌కి ప్లస్, మైనస్ రెండు ఇన్‌పుట్‌లుంటే మొదటిదే మేలు, ఖర్చు కూడా మెలివేసిన షీల్డ్ కేబుల్‌దే. అవుట్‌పుట్ ప్లస్‌కి, దాని కామన్ మైనస్‌కి, షీల్డ్ ఒక కొసనే ఎర్త్‌కి. చాలామంది చేసే పొరపాటు మైనస్‌నీ యాంప్లిఫైయర్ గ్రౌండ్‌నీ జంపర్‌తో కలపడం. కలిపారా, లూప్ మళ్లీ మొదలు. మా మెషిన్‌లో దొరికింది ఆ జంపరే! కంట్రోలర్ అవుట్‌పుట్ ఐసోలేటెడ్ (ఎర్త్‌తో కలవనిది) అయితే మాత్రం కామన్‌ని ఒక్కచోట ఎర్త్‌కి కట్టాలి. మోటార్ పవర్ కేబుల్ సంగతి వేరు, దాని షీల్డ్ రెండు కొసలా ఎర్త్ చేయాలి, సిగ్నల్ వైరుకి దూరంగా నడపాలి.

యాంప్లిఫైయర్ ఇన్‌పుట్‌కి విడిగా మైనస్ లేక, దాని గ్రౌండ్‌నే కామన్‌గా వాడుకునేదైతే ఐసోలేటర్ కొనక తప్పదు. స్పిండిల్ (చెక్కే ఉలిని తిప్పే మోటార్) వేగం మార్చే వీఎఫ్‌డీకి 0–10 వోల్టులది చాలు. సర్వోకి మైనస్ వోల్టేజ్ కూడా దాటించేది, వేగంగా స్పందించేది కావాలి. నెమ్మదిదైతే మోటార్ ఊగిసలాడుతుంది, పాత వణుకే నయం అనిపిస్తుంది.